మీరు పంపిన మిషనరీని మీ సంఘమే నిలబెట్టుకోవాలంటే

నరసన్నపేట దగ్గరి సంఘం నుంచో, చీపురుపల్లి వైపు సంఘం నుంచో ఒక కుర్రాడు సేవకని సీతంపేట కొండలకి బయల్దేరతాడు. ఆ ఆదివారం పెద్దలందరూ తలమీద చేతులుంచి ప్రార్థన చేస్తారు. శాలువా కప్పుతారు, చేతిలో కవరు పెడతారు. రెండు మూడు నెలలు డబ్బు బాగానే అందుతుంది. తర్వాత చర్చి పైకప్పు పని మొదలవుతుంది, ఆపైన క్రిస్మస్, ఆపైన కన్వెన్షన్. ఏడాది తిరిగేసరికి ఆయన పేరు ప్రార్థనలో కూడా "దూర ప్రాంతాల్లో ఉన్న నీ సేవకులందరినీ" అనే మాటలో కలిసిపోతుంది.

ఇది సరికాదని లోలోపల అనుకుంటూ, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్న సంఘ సభ్యుల కోసం ఇది రాస్తున్నాను. మీరు పాస్టరు గారే కానక్కర్లేదు, కమిటీలో ఉండక్కర్లేదు. స్త్రీల సమాజంలో నలుగురితో మాట్లాడగలిగితే చాలు. నేను చూసినంతలో మన సంఘాలకి ఇచ్చే మనసుంది. లేనిది తారీఖు. ఎప్పుడో ఒకసారి వచ్చే పదివేలకంటే ప్రతి నెలా ఐదో తారీఖుకల్లా చేరే వెయ్యి రూపాయలు ఆ ఇంటికి ఎక్కువ ఉపయోగం. ఎందుకంటే కిరాణా కొట్టు ఆయన ఆ వెయ్యిని చూసుకునే అప్పు పెడతాడు.

ముందు ఆ ఇంటి నెల ఖర్చు తెలుసుకోండి

సంఘంలో మాట ఎత్తకముందే మిషనరీతోనూ ఆయన భార్యతోనూ కూర్చోండి. ఇద్దరూ ఉండాలి. ఆయన్ని ఒక్కడినే అడిగితే "దేవుడు చూసుకుంటున్నాడండీ" అంటాడు, మాట అక్కడితో అయిపోతుంది. నూనె ప్యాకెట్టు ఎన్నాళ్ళు వస్తుందో ఆవిడకి తెలుసు. తెల్లకాగితం మీద రాసుకోండి: ఇంటద్దె, బియ్యం, సరుకులు, గ్యాసు, కరెంటు, ఫోన్ రీఛార్జి, బండి పెట్రోలు, పిల్లల ఫీజులు, మందులు. చివర ఇంకొకటి మీరే గుర్తుచేసి అడగాలి: ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకి ఎంత పంపుతున్నారు? ఇంటికి పెద్దకొడుకైతే ఆ ఖర్చు తప్పదు, కానీ నోరు తెరిచి చెప్పరు.

కొండల్లో పనికి అయ్యే కొన్ని ఖర్చులు కింద ఉన్న మనకి తట్టవు. ఘాట్ రోడ్డు మీద తిరిగే బండికి టైర్లు, బ్రేకులు తొందరగా అరిగిపోతాయి. వానాకాలంలో మలేరియా తప్పదు. మంచి దోమతెరలు, జ్వరం వస్తే పాలకొండ ఆసుపత్రికి ఆటో, అక్కడ రెండు రోజుల తిండి, ఇవన్నీ రాయండి. పిల్లలు చదువుకోసం పార్వతీపురంలో హాస్టల్లో ఉంటే వాళ్ళని చూసిరావడం ఒక ఖర్చు. కొండల్లోని గిరిజనులు మాట్లాడే సవర భాష నేర్పే మనిషికి ఇచ్చే డబ్బు ఇంకో ఖర్చు.

మొత్తం చూసి బెంగపడకండి, అదంతా మీ ఒక్క సంఘమే మోయాలని లేదు. ఉదాహరణకి నెలకి 14,000 అవుతోందనుకుందాం. వేరే సంఘాల నుంచి, బంధువుల నుంచి 6,000 నిలకడగా వస్తోంది. మీ ముందున్నది 8,000. ఎనభై కుటుంబాల సంఘంలో యాభై కుటుంబాలు నెలకి వందేసి ఇస్తే 5,000. టీచర్లు, నర్సులు, ఆర్టీసీ ఉద్యోగులు ముగ్గురు వెయ్యేసి వేస్తే మిగతా 3,000 కూడా తేలిపోయింది. ఈ కాగితం చేతిలో ఉంటే కమిటీలో మీ మాటకి బరువుంటుంది. "ఏదో ఒకటి చేద్దామండీ" అని వెళితే "చూద్దాంలే" అనే జవాబు వస్తుంది.

పాస్టరు గారిని ముందు కలవండి, తర్వాతే కమిటీ

పాస్టరు గారితో విడిగా మాట్లాడండి. మన పల్లెటూరి సంఘాల్లో చాలామంది పాస్టరు గార్లకే జీతం సరిగ్గా అందదు. కొత్తగా మిషనరీ చందా అంటే తన దాంట్లోంచే తగ్గుతుందేమో అన్న భయం ఆయనకి ఉంటుంది, అందులో తప్పులేదు. కాబట్టి ఇది వేరే ఖాతా అని, ఆదివారం కానుకని ముట్టుకోమని మొదటే చెప్పండి. ఆయనకి సంఘం బాకీ ఉంటే ముందు అది తీర్చేలా చూడండి. దగ్గరున్న సేవకుడిని ఎండబెట్టి దూరంగా ఉన్నవాడికి పంపే ఏర్పాటు ఎక్కువకాలం నిలవదు.

కమిటీలో రెండు అభ్యంతరాలు తప్పకుండా వస్తాయి. మొదటిది: "మన సంగమే అంతంతమాత్రం, ఇంకొకలకేటి పెడతాం?" దీనికి వాదన కంటే ఉదాహరణలు పనిచేస్తాయి. మిజోరం ప్రెస్బిటేరియన్ స్త్రీలు 1910 నుంచి పూట పూటకీ వంటకి తీసిన బియ్యంలోంచి ఒక గుప్పెడు పక్కన పెడుతూ వచ్చారు. ఇప్పటికీ ఆ సంఘం తన మిషనరీలని పంపించుకునే డబ్బులో ఆ గుప్పెడు బియ్యం భాగం ఉంది. ఇంకాస్త దగ్గరి కథ మన జిల్లాలదే. శ్రీకాకుళం, బొబ్బిలి, భీమిలి ప్రాంతాల్లో పనిచేసిన కెనడా బాప్టిస్టు మిషనరీల వెనక ఆ దేశపు తూర్పు తీరంలోని నోవా స్కోషియా పల్లెల్లోని ఆడవాళ్ళ చిల్లర డబ్బులున్నాయి. హన్నా మరియా నోరిస్ అనే టీచరమ్మ బర్మా వెళ్తానంటే మిషన్ బోర్డు దగ్గర డబ్బు లేకపోయింది. 1870లో ఆవిడ ఊరూరా తిరిగి స్త్రీల సహాయక సమాజాలు పెట్టించింది. ఆ ప్రాంతం వాళ్ళ మిషన్ 1875లో తెలుగునాటికి మళ్ళింది. వాళ్ళూ జాలర్లు, చిన్న రైతులే, పెద్ద శ్రీమంతులేం కాదు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది, అదీ చెప్పండి. కాకినాడలో తామస్ గాబ్రియేలు అనే తెలుగు మనిషి టెలిగ్రాఫ్ ఉద్యోగం వదిలేసి సొంతంగా సువార్త పని మొదలుపెట్టారు. వెనక నిలబడే సంఘం లేక అప్పుల్లో కూరుకుపోయి, ఆఖరికి కెనడా వాళ్ళని పిలిచారు. 1874లో మెక్లారిన్ దొర అలా వచ్చారు. ఆ రోజుల్లో తెలుగు సంఘాలే అంతంతమాత్రం కాబట్టి ఎవర్నీ అనలేం. ఇవాళ ఆ మాట చెల్లదు.

రెండో అభ్యంతరం: "వాళ్ళకి ఫారిన్ నుంచి వస్తుంది కదా." చాలామందికి రాదు. విదేశీ విరాళాలకి 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం ఉంది. 2020 సవరణతో ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బుని ఇంకో సంస్థకి బదిలీ చేయడం పూర్తిగా ఆగిపోయింది. అలా పెద్ద సంస్థల ద్వారా చిన్న సంస్థలకి చేరే సొమ్ము మీద బతికిన ఇళ్ళు ఏమయ్యాయో కమిటీలో అందరికీ తెలిసే ఉంటుంది. ఒక ఇంటి పేరు వాళ్ళ నోటితోనే చెప్పించండి.

వసూలు: ఇక్కడే ఎక్కువ సంఘాలు జారిపోతాయి

కొరింథీయులకి రాసిన మొదటి పత్రిక 16వ అధ్యాయంలో పౌలు చెప్పిన పద్ధతే ఇప్పటికీ మేలు: ఆదివారం ఆదివారం, ఎవరి వరుమానం కొద్దీ వాళ్ళు, ముందే తీసి పక్కన పెట్టడం. కాకపోతే మన దగ్గర వరుమానం ఏడాది పొడుగునా ఒక్కలా ఉండదు. వరి రైతు చేతిలో సంక్రాంతి ముందు డబ్బుంటుంది, ఆషాఢంలో ఉండదు. పలాస, మందస వైపు జీడి రైతులకి వేసవిలో వస్తుంది. ఉపాధి హామీ కూలి ఎప్పుడు ఖాతాలో పడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకని మాట ఇచ్చే కార్డులో "నెలకి ఎంత" అని ఒక్కటే గడి పెట్టకండి. నెలకా, పంటకా, ఏడాదికోసారా అని మూడు గడులు పెట్టండి. ఏడాదికి రెండు బస్తాల ధాన్యం ఇస్తానన్న రైతు నెలనెలా వంద ఇవ్వలేనందుకు సిగ్గుపడే అవసరం ఉండకూడదు.

డబ్బు లేని ఇళ్ళకి పిడికెడు బియ్యం ఉంది. ఈ పద్ధతి మన స్త్రీల సమాజాలకి కొత్తది కాదు, కొన్నిచోట్ల ఆగిపోయింది, అంతే. మళ్ళీ మొదలుపెడితే ఒక విషయం చూసుకోండి. చర్చిలో ఒకే డ్రమ్ము పెడితే సన్నబియ్యం, దొడ్డుబియ్యం, రేషన్ బియ్యం అన్నీ అందులోనే పడతాయి. ఆ కలగాపులగం వండితే సగం మెతుకులు జావ, సగం పలుకు. ఆ సంచి అందుకున్న ఇల్లాలు నోరు విప్పి ఏమీ అనదు, కోళ్ళకి వేస్తుంది. రెండు డ్రమ్ములు పెట్టండి, మీద సుద్దతో రాయండి. రేషన్ బియ్యం మాత్రం అమ్మే ఆలోచనే వద్దు, కేసవుతుంది. పురుగు పట్టకుండా ఎండిన వేపాకు వేసి, నెలకోసారి జల్లించి, ఆర్టీసీ కార్గోలో పంపితే దగ్గరి డిపోకి చేరుతుంది. సంఘంలోనే ఎవరైనా సన్నబియ్యం బజారు ధరకి కొనుక్కుంటే ఇంకా సుళువు, డబ్బే పంపేయొచ్చు.

గల్ఫ్‌లో పనిచేసే మీ ఊరి పిల్లలని మర్చిపోకండి. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. అదే విదేశీ పౌరసత్వం తీసుకున్న బంధువు పంపితే వస్తుంది. అమెరికా బాబాయి ఉత్సాహంగా సంఘం ఖాతాకి డాలర్లు పంపించేముందు ఆడిటర్‌ని ఒక్కసారి అడగండి.

డబ్బు సంఘం పేరున ఉన్న ఖాతాలోనే పడాలి. ఫోన్‌పే క్యూఆర్ కూడా ఆ ఖాతాదే ఉండాలి. కోశాధికారి సొంత ఫోన్‌కి పంపించుకోవడం ఎంత మంచి మనిషికైనా మంచిది కాదు, ఏదో ఒక రోజు మాట పడాల్సొస్తుంది. ఇద్దరి సంతకాలు, ప్రతి కానుకకి రశీదు, నెలాఖరున నోటీసు బోర్డు మీద మూడు లైన్లు: వచ్చింది, పంపింది, మిగిలింది. ఎవరెంత ఇచ్చారో పేర్లు వేయకండి. పౌలు అంతటివాడే డబ్బు మోసుకెళ్ళడానికి ఒంటరిగా వెళ్ళలేదు, సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట తీసుకెళ్ళాడు.

ఒక హద్దు కూడా ఇక్కడే రాసిపెట్టుకోండి. ఈ డబ్బు మిషనరీ కుటుంబం బతకడానికి, ఆయన తిరుగుడు ఖర్చులకి. ఎవరినైనా ఆరాధనకి రప్పించడానికి పంచిపెట్టే డబ్బు కాదు. ఆ మాట ఆయనకీ, దాతలకీ స్పష్టంగా తెలియాలి.

తుఫానుకి విడిగా పెట్టండి

2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. కొత్తగా నాటిన కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. అలాంటి ఏడాది సంఘం ఎవరికీ ఏమీ పంపలేకపోతుంది. కానీ కొండ మీద ఇంటద్దె ఆగదు. వచ్చిన ప్రతి వందలో పది రూపాయలు వేరే ఖాతాలో వేస్తూ వెళితే రెండేళ్ళలో రెండు నెలల సొమ్ము దాటి పోగవుతుంది. దాన్ని చర్చి మైకు సెట్టుకి వాడకుండా కాపాడటం కోశాధికారి పని.

ధైర్యం చెప్పడం

డబ్బు పంపేశాం కదా అనుకుంటే సగం పనే అయింది. ఫిలిప్పీ సంఘం పౌలుకి కానుక పంపినప్పుడు ఎపఫ్రొదితు అనే మనిషిని కూడా పంపింది. అతను అక్కడే ఉండి సాయం చేశాడు, చావుదాకా జబ్బుపడ్డాడు. ఇవాళ డబ్బు ఫోన్‌లో వెళ్ళిపోతోంది, మనిషి వెళ్ళడం మానేశాడు.

కాబట్టి ఏడాదికి రెండుసార్లు ఇద్దరు ముగ్గురు వెళ్ళండి. వానలు తగ్గాక, కోతలకి ముందు ఒకసారి, వేసవిలో ఒకసారి. జంటలు వెళితే మంచిది, ఎందుకంటే ఆ ఇంట్లో ఆడమనిషికి మాట్లాడుకునే మనిషి కావాలి. మీటింగు పెట్టమని అడగకండి. ఫోటోలకి ఊరివాళ్ళని వరసగా నిలబెట్టకండి. మీ భోజనం సరుకులు మీరే పట్టుకెళ్ళండి, లేకపోతే మీ రాకకే వాళ్ళ నెల సరుకులు అయిపోతాయి. ఒక రాత్రి ఉండండి. పిల్లలు పడుకున్నాక వచ్చే మాటలే అసలు మాటలు.

వెళ్ళేముందు "ఏం తెమ్మంటారు" అని భార్యాభర్తలిద్దరినీ అడగండి. పౌలు చెరసాల నుంచి తిమోతికి రాస్తూ త్రోయలో వదిలేసిన అంగీ తెమ్మన్నాడు, పుస్తకాలు తెమ్మన్నాడు, చలికాలం రాకముందే రమ్మన్నాడు. అంత మామూలు విషయాలు. మన వాళ్ళు అడిగేవీ అలాంటివే: ఆవకాయ, టార్చిలైటు, పెద్దక్షరాల బైబిలు, పిల్లకి ఏడో తరగతి గైడు.

ఫోన్ సంగతి. వారానికొకరు చొప్పున సంఘంలో వంతు వేసుకోండి. సిగ్నల్ ఉండేది సంత రోజు కిందికి దిగినప్పుడే అయితే ఆ రోజే చేయండి. మొదటి ప్రశ్న "పని ఎలా జరుగుతోంది" అని వేయకండి. "ఎలాగున్నారు బాబూ, ఒంట్లో బాగుందా? పాప జ్వరం తగ్గిందా?" అని అడగండి. విన్నది ప్రార్థన కూడికలో పేరుపెట్టి చెప్పండి. "పాపకి జ్వరం తగ్గింది, ఇంటి యజమాని ఇంకా అద్దె పెంచుతానంటున్నాడు" అని వింటే సంఘం ప్రార్థించే తీరే వేరు. కాకపోతే మైకులో చెప్పకూడనివి ఉంటాయి. భార్యాభర్తల మధ్య మాట, దిగులు, అప్పు ఇలాంటివి. వాటిని ఇద్దరు పెద్దల దగ్గరే ఆపండి. ఒక్కసారి వాట్సాప్ గ్రూపులోకి వెళితే ఆయన మళ్ళీ ఎప్పటికీ నిజం చెప్పడు.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది లెక్కల కోసం ఒత్తిడి అని నా అభిప్రాయం. "ఈ ఆర్నెల్లలో ఎన్ని బాప్తిస్మాలు?" అని కమిటీ అడుగుతుంది. గిడుగు రామమూర్తి పంతులు గారు మన శ్రీకాకుళం పక్క పర్వతాలపేటలో పుట్టిన మనిషి, భాషల్లో దిట్ట. అంతటి ఆయనకే సవర భాష లోతు చూడటానికి దశాబ్దాలు పట్టింది, ఆయన సవర వ్యాకరణం 1931లో గానీ అచ్చుకి రాలేదు. మీ మిషనరీ రెండో ఏడాదికి సంతలో బేరమాడగలిగితే, ఇంటికొచ్చిన ముసలాయనతో కష్టసుఖాలు మాట్లాడగలిగితే అది గొప్ప ప్రగతి. లెక్కలే అడిగితే లెక్కలే వస్తాయి, వాటిలో కొన్ని పుట్టించినవి ఉంటాయి. అంతియొకయ సంఘం తాను పంపినవాళ్ళు తిరిగొచ్చాక అందరినీ కూర్చోబెట్టుకుని జరిగిందంతా విన్నది. అలా వినండి. ఈ మూడు నెలల్లో ఏం కష్టంగా ఉంది, ఏం నేర్చుకున్నారు, మేం ఏం చేయాలి, ఈ మూడు ప్రశ్నలు చాలు.

సెలవుకి ఊరొచ్చినప్పుడు ఆయన్ని రోజుకో ఇంట్లో ప్రసంగానికి తిప్పేయకండి. ఒక ఆదివారం సాక్ష్యం, ఒక స్త్రీల కూడికలో ఆవిడ మాట, మిగతా రోజులు నిద్ర. దంతాలు, కళ్ళు, రక్తపరీక్ష చేయించండి. పిల్లలకి పండగ బట్టలు మీ పిల్లలతో పాటే కొనండి, పాతవి ఇవ్వకండి. పాత బట్టల మూట అందుకునే పిల్లలు పెద్దయ్యాక సేవ అంటే ఏమనుకుంటారో మీరే ఊహించుకోండి.

ఒంటరి సేవకురాళ్ళని పంపిన సంఘాలకి ఒక మాట. ఆవిడకి ఖర్చు తక్కువని సగం పంపడం అన్యాయం. భద్రత ఉన్న ఇల్లు దొరకాలంటే అద్దె ఎక్కువే అవుతుంది.

ముసలితనం, జబ్బు

దీని గురించి మన సంఘాలు మాట్లాడవు. నలభై ఏళ్ళు కొండల్లో తిరిగి, ఆఖరికి చెల్లెలి వరండాలో మంచమేసుకునే సేవకులు మన జిల్లాల్లో ఉన్నారు. మీరు చేయగలిగింది పెద్దదేం కాదు. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో పోతే 2 లక్షలు. జీవన జ్యోతి 436 రూపాయలు, 50 ఏళ్ళలోపు చేరాలి, ఏ కారణంతో పోయినా 2 లక్షలు. అటల్ పెన్షన్‌లో 18 నుంచి 40 ఏళ్ళ లోపువాళ్ళు చేరితే 60 దాటాక నెలకి 1,000 నుంచి 5,000 వరకు వస్తుంది. ఎంత చిన్న వయసులో చేరితే కంతు అంత తక్కువ, కాబట్టి పంపిన ఏడాదే చేర్పించండి. కంతు సంఘం కట్టొచ్చు. పిల్లల పేరున పోస్టాఫీసు ఆర్డీ నెలకి 100 నుంచే మొదలవుతుంది, ఐదేళ్ళకి ఇంటర్ ఫీజుకి పనికొస్తుంది. రేషన్ కార్డు, ప్రభుత్వ వైద్యసేవ అర్హత ఊరు మారినప్పుడు చెదిరిపోతుంటాయి. సంఘంలో సచివాలయం పని తెలిసిన కుర్రాడికి ఆ పని అప్పగించండి.

ఏడాదికోసారి కూర్చుని మొత్తం మళ్ళీ చూడండి. ధరలు పెరుగుతాయి, రెండో బిడ్డ పుడుతుంది, వేరే సంఘం ఆపేస్తుంది. తగ్గించాల్సి వస్తే మూడు నెలల ముందు చెప్పండి, ఉత్తరంలో కాదు, ఎదురుగా కూర్చుని.

కొంతమంది తిరిగొచ్చేస్తారు. ఆరోగ్యం వల్లో, పిల్లల చదువు వల్లో, లోపల అలసిపోయో. ఆ ఆదివారం ఆయన వెనక బెంచీలో కూర్చుంటే చెవులు కొరుక్కోకండి. పంపినప్పుడు ముందుకి పిలిచినట్టే ఇప్పుడూ పిలిచి ప్రార్థన చేయండి. ఇంకో పని దొరికేదాకా మూడు నెలలు అదే ఐదో తారీఖుకి అదే డబ్బు వేయండి. ఎక్కడినుంచి తెస్తామని కమిటీ అడిగితే తుఫాను ఖాతా చూపించండి. అది ఖాళీ అయిపోతే వచ్చే నెల నుంచి వందకి పది మళ్ళీ వేసుకోవచ్చు.